సీతాఫలాల గుట్ట మీద నా సంతకం

నాలుగో తరగతిలోనే బడి మానేసినా నాకు సంతకం పెట్టడం వచ్చు. నా చదువంతా ఆ సంతకమే. అందుకే వార్డు సభ్యుణ్ణయ్యాక ఏ కాగితం కనిపించినా కలం తీసేవాణ్ణి.

ఎనభైల్లో ఒకనాడు మా ఊరి గుట్టను ఏం చేయాలన్న తీర్మానం పంచాయతీ ముందుకు వచ్చింది. గుట్ట నిండా ఎవరూ నాటని సీతాఫలం చెట్లు. అటవీశాఖ నుంచి వచ్చిన అధికారి దాన్ని బంజరు అన్నాడు, అడవి పెంచుతామన్నాడు. అడవి అంటే మంచిదే కదా అని, ఏ చెట్లు కొట్టి ఏ చెట్లు పెడతారో కూడా చదివించుకోకుండా, అందరికంటే ముందు నేనే సంతకం గీకాను. వానాకాలానికల్లా సీతాఫలం చెట్లు నరికి నీలగిరి మొక్కలు నాటారు.

ఇప్పటికీ దసరా దగ్గర పడితే కన్ను విచ్చిన కాయల కోసం నా చేతులు తడుముకుంటాయి. వరిగడ్డిలో మాగేసిన ఆ పండ్ల వాసన మళ్లీ మా ఇంట్లోకి రాలేదు.

ఆ గుట్ట కాయలు ఏరి జడ్చర్ల బస్టాండులో అమ్ముకొని బతికిన అవ్వ ఒకసారి ఎదురైతే నవ్వించబోయాను.

"అవ్వా, నీలగిరి గాలికి ఊర్లె సర్ది అన్నదే లేదు, సూడు!"

అవ్వ నవ్వలేదు.

"మేం ఏలిముద్రలోళ్లం బిడ్డా. ఏలు పెట్టే ముందు గదేందో జర సదివి చెప్పుమంటం. నీకు సంతకం వచ్చునాయె, నువ్వెందుకు అడుగుతవ్?"