గ్లాసు అడుగున పాలు

పొద్దున లేచేసరికి మా పాప కుడి కన్ను అతుక్కుపోయి ఉంది. రెప్పల మీద పుసి గట్టిపడి కన్ను తెరుచుకోక, పిడికిలితో రుద్దుకుంటూ ఏడుస్తోంది. ఏడాదిన్నర పిల్ల. నాకు కంగారు పుట్టింది గానీ, కళ్ళకలకే కదా అని ధైర్యం చెప్పుకున్నాను. వీధి చివరి క్లినిక్‌లో డాక్టరమ్మ కూడా అదే అంది. మరిగించి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి, ముక్కు వైపు నుంచి బయటికి తుడవాలి. ఒక్కో తుడుపుకి కొత్త దూది. పాప తువ్వాలు ఎవరూ ముట్టకూడదు. తను రాసిన చుక్కలు తప్ప ఇంకేదీ కంట్లో వెయ్యొద్దని గట్టిగా చెప్పి పంపింది.

ఆ చివరి మాట మా అత్తకి చెప్పలేదు. చెప్పినా వినదనుకున్నాను.

మేముండేది బర్మాలో, లమ్మడా పేటలో, నాలుగో అంతస్తు. మా వీధిలో ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వేలాడుతుంది. కింది చివర క్లిప్పు, పైన చిన్న గంట. కూరగాయలామె వచ్చి తాడు లాగితే గంట మోగుతుంది, సంచి పైకి లాక్కుంటాం. మా తాడు రెండో అంతస్తు బాల్కనీని రాసుకుంటూ దిగుతుంది. ఆ ఇంట్లో ఉండేది ఒక బర్మా ఆమె, ఒళ్ళో నెలల పిల్లాడు. నేను ఆమెను మమ అంటాను, వాళ్ళ భాషలో అక్క అని. ముందు వైపు తాడు ఎలాగో వెనక వైపు మా సింకు గొట్టం అలాగ. అది రెండో అంతస్తు దగ్గర పగిలి ఉంది. మేము ఏది పారబోసినా మమ వెనక వరండా అంచు మీద పడుతుంది. బాగు చేయించమని ఆమె ఎప్పుడో అడిగింది. చేయిస్తానని నేను అంటూనే ఉన్నాను.

క్లినిక్ నుంచి తిరిగి రాగానే అత్త చుక్కల సీసా అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టేసింది.

"ఈ మందులన్నీ ఏటికి? సనుబాలు సుక్క ఏస్తే సాలు. మీ ఆయనకి సిన్నప్పుడు కల్లు ఎర్రబడితే నాను అదే సేసినాను."

"నాకిప్పుడు పాలెక్కడివి అత్తా?" అన్నాను.

చౌక్తడాలో ఆఫీసుకి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టినప్పుడే పాపకి పాలు మాన్పించాను. అప్పుడు అత్త ఏమీ అనలేదు. అత్తగారు ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో కోడళ్ళకి తెలుసు.

ఆవిడ లేచి బాల్కనీలోకి వెళ్ళింది. కమ్మీ పట్టుకుని, కింద టీకొట్టులో కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా బర్మా భాషలో మొదలుపెట్టింది. మా కోడలికి పాలు ఎండిపోయాయి, పిల్లకి కంట్లో వెయ్యాలి, కాసిని ఇస్తావా తల్లీ అని. టీకొట్టులో తలలు పైకి లేచాయి. నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాను.

కాసేపటికి గంట మోగింది. ప్లాస్టిక్ సంచిలో చిన్న స్టీలు గ్లాసు, దాని అడుగున పాలు. అత్త దాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుంది. మాది బాప్టిస్టు కుటుంబం. మా అత్త బిస్కెట్ల ప్యాకెట్టు విప్పే ముందు కూడా ప్రార్థన చేస్తుంది. ప్రార్థన అయ్యాక గ్లాసు నా చేతికిచ్చి, "నాకు సూపు ఆనదు, నువ్వే ఎయ్యి" అంది.

పాపను వంటింట్లోకి తీసుకెళ్ళాను. పాలు సింకులో పోసేశాను. తర్వాత చేతులు కడుక్కుని, పాపను నా బర్మా లుంగీలో చుట్టి, తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాను. అది కన్ను గట్టిగా మూసేసింది. కంటి మూలలో డాక్టరమ్మ మందు చుక్క వేసి ఊరుకున్నాను. ఏమీ జరగలేదేమిటా అని అది కన్ను తెరిచింది, చుక్క లోపలికి జారింది. బయటికొచ్చి "ఏసినాను అత్తా" అన్నాను. అబద్ధం కాదు. ఏం వేశానని ఆవిడ అడగలేదు.

ఇక రోజూ పొద్దున అదే వరస. పుసి తగ్గింది, ఎరుపు విరిగింది. ఆ తల్లి పాల చలవేనని అత్త బాల్కనీలోంచి వీధంతటికీ చెప్పింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు లోలోపల నవ్వొచ్చేది. పిల్ల కన్ను బాగవుతోంది, ఇంట్లో గొడవ లేదు, ఎంత తెలివిగా నెట్టుకొస్తున్నానో అనుకునేదాన్ని.

ఆఫీసు సెలవు రోజున ఒక అరటి హస్తం కొని, కృతజ్ఞత చెప్పి వద్దామని మమ ఇంటికి వెళ్ళాను. ఆమె వెనక వరండాలో పిల్లాడికి పాలిస్తోంది. వాడు రెండు గుక్కలు తాగి, వదిలేసి ఏడుస్తున్నాడు. మళ్ళీ పట్టుకుంటున్నాడు, మళ్ళీ ఏడుస్తున్నాడు.

"పాపకి తగ్గిందా?" అంది.

"తగ్గింది మమ. మీ పాల వల్లే."

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో. ఆమె నా వైపు చూసి, తర్వాత వరండా అంచు వైపు చూసింది. నేనూ చూశాను. పైన అత్త గిన్నెలు కడుగుతున్నట్టుంది. పగిలిన గొట్టంలోంచి మా ఇంటి పప్పు నీళ్ళు అంచు మీద పడుతున్నాయి.

రోజూ నేను సింకులో పోసే పాలూ అక్కడే పడి ఉంటాయి. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"డాక్టరు వెయ్యొద్దందా?" అని అడిగింది. తలూపాను.

"అయితే సరే. మంచి పనే చేశావు."

"తెలిసీ ఎందుకు పంపారు మమ?"

"పెద్దామె అంత నోరు తెరిచి అడిగింది. ఎలా కాదంటాను?" పిల్లాణ్ణి భుజానికెత్తుకుని వీపు నిమిరింది. "ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇంకొన్నాళ్ళు పంపమంది మీ అత్తగారు. వీడికి చాలడం లేదు. రేపటి నుంచి గంజి పంపనా? గ్లాసు అడుగున అలాగే కనిపిస్తుంది."

ఆమె గొంతులో కోపం లేదు. కోపపడినా బాగుండేది. తన పాలు తన బిడ్డకి ఇచ్చుకోవడానికి నన్ను అనుమతి అడుగుతోంది. వద్దు మమ, ఏమీ పంపొద్దు, ఇప్పుడే వెళ్ళి అత్తతో ఉన్నది చెప్పేస్తాను అని నాలుక చివరిదాకా వచ్చింది. అత్త కన్నీళ్ళు, బాల్కనీ, టీకొట్టులో లేచే తలలు గుర్తొచ్చాయి.

"పంపండి మమ" అన్నాను.

మూడో అంతస్తు మెట్ల మీద చూసుకుంటే అరటి హస్తం నా చేతిలోనే ఉంది. కిందికి మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున గంట మోగింది. అత్త గ్లాసు పైకి లాగి, ఎప్పటిలాగే రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, మా పిల్ల కన్ను బాగు సేసినావు. ఆ తల్లికి పాలు ఎండిపోనీకు. ఆ సంటోడి కడుపు ఎప్పుడూ నిండుగుండేలాగ సూడు."

అంతటితో ఆగి, కళ్ళు తెరవకుండా నా మాట కోసం చూస్తోంది. నా చంకలో పాప రెండు కళ్ళూ పెద్దవి చేసుకుని నా మొహంలోకే చూస్తోంది.

"ఆమెన్" అన్నాను.