మావయ్య అరలు, అత్తయ్య చెవులు

మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, వడ్రంగి. గోడలకు అరలు బిగించడంలో పెట్టింది పేరు. వీధిలో అందరూ అరల మేస్త్రి అనేవాళ్లు.

అప్పటి ఇళ్లన్నీ పాత సున్నం గోడలు. పైకి నున్నగానే ఉండేవి గానీ, లోపల చాలాచోట్ల పూత ఇటుకను వదిలేసి డొల్లపడి ఉండేది. తెలియక మేకు కొడితే పెచ్చులన్నీ నెత్తిమీదే. మావయ్య ముందు వేలి కణుపుతో గోడంతా తట్టేవాడు. డబ్‌మంటే డొల్ల, ఠక్‌మంటే గట్టి. గట్టిచోట డ్రిల్లు మెల్లగా తిప్పేవాడు. తెల్లపొడి రాలినంతసేపూ పూతే. ఎర్రపొడి వస్తే ఇటుక అందినట్టు. అందులోకి చెక్క బిరడా దిగ్గొట్టి, పొడుగు స్క్రూ బిగించేవాడు. చివర్లో అర పట్టుకుని తనే వేలాడేవాడు.

"నన్ను మోసింది, మీ గిన్నెలొక లెక్కా!" అనేవాడు.

అలాంటివాడు బిగించిన అర ఒకటి, పుస్తకాల షాపులో, గోడ పూతతో సహా ఊడిపడింది. షాపాయన తల్లి ఆ కిందే కూర్చునేది. మంచినీళ్లకని లేచింది కాబట్టి బతికిపోయింది.

మావయ్య ఇంటికొచ్చి పనిముట్ల సంచి అటకెక్కించేశాడు. "ఇంక గోడల జోలికి పోను" అన్నాడు.

అత్తయ్య కుట్టుమిషను ఆపి, గొంతు పెంచింది. "వినపడటం లేదని చెప్పొచ్చుగా?"

"ఎవరన్నారు?"

"ఎవరో అనాలా? మొన్న కూర ఎలా ఉందంటే, చీర బాగుందన్నారు. పాత చీర!"

మావయ్య నవ్వబోయి, తల దించుకున్నాడు. కళ్లు తుడుచుకోవడం ఆవిడ చూసింది.

మర్నాడు సంచి దించి తన భుజానికే తగిలించుకుంది. "పదండి. ఊడిపోయినదాన్ని మళ్లీ బిగించొద్దూ? మీరు తట్టండి, నేను వింటాను."

షాపాయన గొణిగాడు గానీ, తల్లే అడ్డుకుంది. "బిగించనీరా. ఈసారి నేను దూరంగా కూర్చుంటాలే." అత్తయ్య గోడకు చెంప ఆనించి, కళ్లు మూసుకుంది. డొల్లగా వినిపిస్తే తల అడ్డంగా ఊపింది. గట్టిగా వినిపిస్తే చెయ్యెత్తింది. మావయ్య గోడవైపు చూడనేలేదు, ఆవిడ మొహమే చూశాడు. ఎర్రపొడి రాలగానే ఇద్దరూ ఒక్కసారే "ఆ!" అన్నారు.

ఆ తర్వాత ఏళ్లతరబడి వాళ్లిద్దరూ కలిసే పనికెళ్లారు. ఇంటి కబుర్లన్నీ గోడల దగ్గరే, కేకలేసుకుంటూ. "మీ ఆలుమగల గుట్టంతా మాకు తెలిసిపోతోందే" అని అమ్మ ఆటపట్టించేది.

చివరిసారి మా ఇంటికి వచ్చారు, నా పుస్తకాలకు అర బిగించడానికి. అప్పటికి వాళ్లమ్మాయి ఆయనకు చెవి మిషను కొనిపెట్టింది. దాన్ని పెట్టుకునే లోపలికొచ్చిన మావయ్య, పని మొదలెట్టేముందు తీసి జేబులో వేసుకున్నాడు.

"అదేంటి?" అని కేకేసింది అత్తయ్య.

"బ్యాటరీ అయిపోయిందే."

గుమ్మంలో నేను మెల్లగా పలకరిస్తే చక్కగా బదులిచ్చిన మనిషి! అత్తయ్య నా వంక చూసి నవ్వింది. చెంపకు అడ్డొచ్చిన వెంట్రుకలు వెనక్కి తోసుకుని, గోడకు చెవి ఆనించింది.

"ఊఁ, తట్టండి."