రెండు రోజులు ఆగని సోషల్ సార్

మా పాపకు సీటొచ్చిందండీ! భూమి కదలికల మీద పరిశోధన చేసే పెద్ద చదువుకు, మా ఇంటి పిల్లకు! మంగళవారం మధ్యాహ్నం ఫోనొస్తే తాడిపత్రి బండల ఫ్యాక్టరీ గేటు ముందు ఎగిరి గంతేశాను, ఈ వయసులో. కానీ అందరికన్నా ముందు ఈ కబురు వినాల్సిన మనిషి ఆదివారం పొద్దున్నే పోయారు. పాపకు బడిలో సోషల్ చెప్పిన సార్. రెండంటే రెండు రోజులు! నా సంతోషాన్ని నేను పట్టలేను, నా కోపాన్ని అంతకన్నా పట్టలేను. అయిదో తరగతి చదివినవాణ్ణి, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

పాప ఏడో తరగతిలో ఉండగా సార్ ఒకరోజు మా ఫ్యాక్టరీకి వచ్చి, చీలిన బండ కావాలన్నారు.

"ముక్కలతో ఇల్లు నిలబడదు సార్," అన్నాను ఎగతాళిగా.

"ఇల్లు కాదప్పా. పిల్లోళ్ళకు భూమిని చూపించాల."

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బండ చీలితే రెండు ముక్కల మీదా సుద్దతో ఒకే గుర్తు పెడతాం. ఏ ముక్క ఏ గుట్టలో పడ్డా గుర్తు చూసి జత కలుపుతాం. అలాంటి చేటంత నల్ల బండ, తెల్ల చార ఉన్నది, రెండు ముక్కలూ ఇచ్చాను. సార్ నేల మీద కూర్చుని ఒక ముక్కను దూరంగా జరిపారు.

"ఇదొక ఖండం, అదొక ఖండం, నడుమ సముద్రం. ఇవి ఒకప్పుడు ఒకటేనని ఎట్ల చెప్తావు?"

"సుద్ద చెరిగిపోయినా చార చూస్తే తెలీదా సార్? ఈడ తెగింది ఆడ మొదలైతాండాది."

సార్ నా భుజం మీద ఒక్కటిచ్చారు. "ఈ మాట కోసం పెద్ద పెద్ద సైంటిస్టులు ఏండ్ల తరబడి కొట్లాడినారప్పా! నువ్వు దుమ్ము తుడుచుకుంటా చెప్పేస్తివి."

నా జన్మలో నన్ను అలా మెచ్చుకున్నవాళ్ళు ఇంకొకరు లేరు.

అప్పుడే చెప్పారు, మన దేశం నేల ఒకప్పుడు ఆఫ్రికాను అంటుకొని ఉండేదట. అక్కడ నుంచి విడిపోయి, ఉత్తరానికి నడిచి, ఆసియాకు గుద్దుకుంటే హిమాలయాలు లేచాయట. భూమి పైపొర పలకలు పలకలుగా ఉంటుందట, లోపలి వేడికి అడుగు రాయి మెల్లగా కదులుతూ ఉంటే పలకలూ కదులుతాయట. ఇప్పటికీ!

నాకు ఒళ్ళు మండింది. ఆ ఏడే మా బోరు ఎండింది. పక్క చేను రైతు బోరులో మాత్రం నీళ్ళున్నాయి. "అయితే నేల జరిగి నా నీళ్ళు పక్కోని చేన్లోకి పోయినాయన్న మాట!" అన్నాను, నిజంగానే. ఆ రైతుతో తగాదాకు చెప్పులు కూడా వేసుకున్నాను.

సార్ నవ్వలేదు. నా బొటనవేలు పట్టుకున్నారు. "ఈ గోరు పెరిగినంత నిదానంగా జరుగుతుందప్పా నేల. నీ బోరు ఎండింది వాన లేక. ఊరకే వాన్ని తిట్టొద్దు." ఆ పక్క రైతుతో ఈ రోజుకీ నాకు మాటలున్నాయంటే ఆ గోరు పుణ్యమే.

సార్ ఒక ముక్క తాను ఉంచుకుని, రెండోది పాపకిచ్చారు. అది మొదలు. పాప పెద్దయి ఈ చదువే కావాలన్నప్పుడు బత్తలపల్లె నుంచి మా బామ్మర్ది వచ్చి, "ఏం బావా, రాళ్ళు మోసేటోని బిడ్డకు మళ్ళా రాళ్ళ చదువేనా?" అని పళ్ళికిలించాడు. సార్ అక్కడే ఉన్నారు. "రాళ్ళు తెలిసిన ఇంట్లోంచే రావాల ఆ చదువు," అన్నారు.

ఏడాదిగా సార్‌కు జబ్బట. నాకు చెప్పలేదు. పట్నంలో చదువుకునే పాపకు వారం వారం ఫోన్లో పాఠం చెబుతూ దగ్గేవారు. అదేమని పాప అడిగితే, "దుమ్ము పాపా. మన ఊర్లో దుమ్ము తప్ప ఏముండాది?" అనేవారు. ఆదివారం నేను పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. సార్ భార్య నా చేతులు పట్టుకుని, "సీటు సంగతి తేలేదాకా పాపకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడన్నా," అంది.

సీటు సంగతి మంగళవారం తేలుతుందని అప్పటికే తెలుసు కదా, నేను శవం ముందే అరిచాను. "ఈ మంచితనం నిన్నెవరు అడిగినారు సామీ? కోట్ల ఏండ్లు లెక్కేసి చెప్పేటోనివి, రెండు రోజులు ఆగలేకపోతివా?" జనం నన్ను పక్కకు లాగారు. అలా లాగినప్పుడే కనిపించింది, సార్ పుస్తకాల గూట్లో ఆ ముక్క. నా సుద్ద గుర్తు చెరిగిపోకుండా దాని మీద తెల్ల రంగు దిద్దుకున్నారు.

మంగళవారం అదే ఫోన్లో, సార్ పోయిన సంగతి నేను చెప్పగానే పాప ఏడుస్తూ అడిగింది. "నాయనా, ఇప్పుడు సార్‌కు యాడ చెప్పేది?"

చెప్పాల్సినవాళ్ళను కాగితం మీద రాసుకున్నాను. గుమ్మఘట్టలో మా పెద్దక్క, ఆమెకు చెవుడు, గట్టిగా అరవాలి. ధర్మవరంలో మా తోడల్లుడు. పాప అమ్మమ్మ. బత్తలపల్లె బామ్మర్ది, వానికి రెండుసార్లు చెప్పాలి. ఆఖరున సార్ భార్య, మా చెల్లెలే అనుకోండి. ఆమెకు ఫోన్ చెయ్యను. మా ఇంట్లో ఉన్న ముక్క భుజాన వేసుకుని నేనే పోతాను. ఆ గూట్లో సార్ ముక్క పక్కన పెట్టి, చారకు చార ఆనించి వస్తాను.