సవతి గొంతు

టైలరమ్మ ఆ కారును సవతి అనేది. పెళ్లయిన మరుసటి ఏడు మొగుడు దాన్ని తుక్కు కొట్టులోంచి తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు. కొత్త పెళ్లాం వంటింట్లోంచి తొంగి చూసేసరికి దాని బానెట్ మీద చెయ్యి వేసి మురిసిపోతున్నాడు. పెళ్లిచూపుల్లో తనను కూడా అలా చూడలేదని ఆవిడ ఫిర్యాదు.

ముసలి దంపతుల అనురాగం గురించి జనం చాలా మెత్తటి మాటలు చెబుతారు. వీళ్లింట్లో ఒక పూట కూర్చుంటే ఆ మాటలు నోట్లోనే ఆగిపోతాయి. ఆయన అచ్చు యంత్రం నడిపి రిటైరయ్యాడు. ఆవిడ ఇంటి ముందుగదిలో ఇప్పటికీ స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ అరుస్తుంది, ఆయన వినడు. కాపురమంటే అంతే. అందుకే ఆయన చెవులు పోతున్న సంగతి ఎవరూ పట్టుకోలేదు. వినని మనిషికి వినపడటం లేదని ఎవరికి తోస్తుంది?

పట్టించింది సవతే. ఆ తరం కార్లలో గేరు ఊరికే మారదు. క్లచ్ తొక్కి, వదిలి, ఇంజను గొంతు తగిన స్థాయికి వచ్చేదాకా ఆగి అప్పుడు వెయ్యాలి. తొందరపడినా ఆలస్యం చేసినా లోపల చక్రాలు పళ్లు కొరుకుతాయి. చెయ్యి తిరిగిన ఆయన కారులో ఎన్నడూ లేని ఆ కొరుకుడు ఇప్పుడు రోజూ వీధి మలుపులో మొదలైంది. ఆవిడ కత్తెర ఆపి వినేది.

పాత కార్ల క్లబ్బు ఏటా వరుసకట్టి కొండమీది సరస్సుకు విహారయాత్ర వెళ్తుంది. ఏడాది పొడుగునా ఆయన బతికేది దానికోసమే. అలాంటిది ఈసారి రేడియేటరు కారుతోంది, రానన్నాడు. ఆవిడ రేడియేటరు కింద అట్టముక్క పెట్టి పొద్దున్నే చూసింది. చుక్క తడి లేదు. ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా నిదానంగా అడిగింది. ఆయన దాచలేకపోయాడు. చెవి మిషను పెట్టుకుంటే రేకుడబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టుంటుందట, ఇంజను గొంతు విడిగా తెలియదట. చెవి సరిగా లేనివాళ్లు సామాన్ల వ్యానులో రావాలని క్లబ్బు నియమం. ఆ వ్యాను ఎక్కడం కంటే కారును ఎవరికైనా ఇచ్చెయ్యడం మేలన్నాడు.

"నాకు మిగిలింది తాళంచెవి ఒక్కటే. అదీ ఇచ్చేస్తా."

"మీరు నడపండి. నేను వింటాను."

"దాని సంగతి నీకేం తెలుసు?"

"ఇన్నేళ్లు సాయంత్రాలు దేనికోసం చెవి రిక్కించుకు కూర్చున్నాననుకున్నారు? సవతి గొంతు గుర్తుపట్టని ఇల్లాలుంటుందా?"

ఊరి బయట రోడ్డు మీద సాధన మొదలైంది. ఆయన మోచేతిని వేలితో ఒకసారి తాకితే కింది గేరు, రెండుసార్లు తాకితే పై గేరు. మొదట్లో గేరుకో పోట్లాట. పెళ్లాం మాట విని బతకాల్సిన రోజు రానే వచ్చిందని ఆయన గొణిగితే, ఆ ముక్క మీ అమ్మ బతికుండగా అనాల్సిందని ఆవిడ తిప్పికొట్టింది. వారం తిరిగేసరికి చక్రాలు పళ్లు కొరకడం మానేశాయి.

యాత్రలో వాళ్ల వెనక ఎర్రకారు క్లబ్బు అధ్యక్షుడిది. వృత్తిరీత్యా పళ్లడాక్టరు. డాక్టరుతో సహా క్లబ్బులో ఎవరికీ వీళ్లు ఏమీ చెప్పలేదు. కొండదారి సగం దాకా సాఫీగా సాగింది. ఒక మలుపులో చెట్ల సందున సరస్సు తళుక్కుమంది. టైలరమ్మ ఒళ్లు మరిచి, అటు చూడమని ఆయన మోచేతిని రెండుసార్లు తట్టింది. జీవితంలో తొలిసారి ఆయన ఎదురు చెప్పకుండా విన్నాడు. నిట్టనిలువు ఎత్తులో పై గేరు పడింది. కారు దగ్గి, వణికి, ఆగి, జానెడు వెనక్కి జారింది. ఆయన బ్రేకు బిగించాడు. ఎర్రకారు కీచుమని ఆగింది.

పళ్లడాక్టరు దిగి వచ్చి కిటికీ పక్క నుంచి రెండుసార్లు పలకరించాడు. పెద్దాయన రోడ్డు వంకే చూస్తున్నాడు. డాక్టరు అర్థమైనట్టు టైలరమ్మ వైపు తిరిగాడు.

"మేమంతా ఈయన మా మాట వినడనుకున్నాం."

"వినకపోవడం పాత జబ్బే డాక్టరుగారూ. వినపడకపోవడం కొత్తది. ఇప్పటి తప్పు మాత్రం నాది, సరస్సు చూపిద్దామని తట్టాను," అని గుర్తుల సంగతి మొత్తం చెప్పేసింది.

డాక్టరు వెనక ఆగిన సామాన్ల వ్యాను వైపు చూశాడు, పైకి పోయే దారినీ చూశాడు. "నేను వెనకే వస్తాను. ఒక్కసారి పళ్లు కొరికినా తాళం నాకివ్వాలి. పళ్ల విషయంలో నన్ను మోసం చెయ్యలేరు."

ఆవిడ ఆయన మోచేతికి వేలు ఆనించి కూర్చుంది. మలుపు మలుపుకీ సరస్సు అటో ఇటో కనబడి పిలిచింది. తల తిప్పలేదు. ఇంటికొచ్చిన నాటినుంచీ తిట్టిపోసిన ఆ సవతి గొంతు తప్ప ఆవిడకు లోకంలో మరో చప్పుడు లేదు. అది ఎగిసినప్పుడు తాకింది, తగ్గినప్పుడు తాకింది. గేర్లు వెన్నలో కత్తిలా దిగాయి.

దారి చదునైంది. వెనక నుంచి పొట్టిగా హారన్ మోగింది. డాక్టరు చెయ్యి ఊపి వాళ్లను దాటి ముందుకు వెళ్లిపోయాడు. తాళం ఊసెత్తలేదు.

టైలరమ్మ ఇంకా ఇంజనే వింటోంది. ఎవరో తన మోచేతిని రెండుసార్లు తాకారు. ఉలిక్కిపడి, ఏ గేరా అని ఒక్క క్షణం తడబడింది. పెద్దాయన గడ్డంతో పక్కకు చూపించాడు.

అప్పుడు చూసింది సరస్సును.