జర్మన్ మల్లేశం చెప్పిన సినిమా

నవ్వి నవ్వి పొట్ట నొప్పెడుతోంది, ఆ నొప్పితోనే రాస్తున్నాను.

ఛత్రినాకలో మా పక్కింటి మల్లేశం అన్నకు పత్తర్‌గట్టిలో అల్యూమినియం గిన్నెల దుకాణం ఉంది. ఆ గిన్నెలను ఇక్కడ అందరూ జర్మన్ గిన్నెలంటారు కనుక ఆయన జర్మన్ మల్లేశం అయ్యాడు. ఈ సాయంత్రం మా ఆఫీసు ఫిల్మ్ క్లబ్బులో ఒక జర్మన్ హాస్య చిత్రం వేస్తుంటే ఆయన్ని వెంటబెట్టుకెళ్లాను. క్లబ్బు కార్యదర్శికి అలవాటుగా ఆ పేరుతోనే పరిచయం చేశాను.

తీరా చూస్తే తెర మీద ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు లేవు. జనం గొణుగుతుంటే కార్యదర్శి మైకు తెచ్చి అన్న చేతిలో పెట్టాడు.

"మీరే కాస్త అర్థం చెప్పాలండీ."

ఆయనకు జర్మన్ భాష ఒక్క ముక్క రాదని చెప్పబోయాను. అన్న మాత్రం నింపాదిగా గొంతు సవరించుకున్నాడు. తెర మీద హోటల్ సర్వరును ఎవరో గొప్ప జమీందారనుకుని ఊరంతా వంగి దండాలు పెడుతోంది, ఒకాయనైతే తన కూతుర్ని తెచ్చి పక్కన కూర్చోబెడుతున్నాడు.

"వాడు నవాబు కాదు, చాయ్ పోసేటోడు. గా సంగతి పిల్ల నాయినకు ఎర్కలేదు. జర ఆగుండ్రి, ఇగ లొల్లి షురువైతది," అన్నాడు అన్న.

లొల్లి నిజంగానే మొదలైంది. హాలంతా పడీపడీ నవ్వింది.

ఆట అయ్యాక కార్యదర్శి చేతులు జోడించి అడిగాడు. "జర్మన్ ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"నేర్సుకునుడేంది సార్, మా బాపు కాలం నుంచి అమ్ముతున్నం."

వచ్చే నెల జపాన్ సినిమా అట. జపాన్ చీరలు అమ్మేవాళ్లు మీకెవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి.