ఫ్లాపీకి బొట్టు పెట్టింది నేనే

మనిషన్నవాడు తన తెలివితక్కువతనంతో ఒక వాయిద్యాన్ని పాడుచేస్తాడు. మరీ ప్రతిభావంతుడైతే రెండు. నేను చిటికెడు కుంకుమతో ఒక సంగీతోత్సవాన్నే తలకిందులు చేశాను. ఆ ఘనకార్యం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. నవ్వదలచుకుంటే నవ్వండి. నవ్విన నాపచేనే పండుతుందంటారు, నా చేను ఎలా పండిందో మీరే చూద్దురుగాని.

అది సినిమా పరిశ్రమ మద్రాసులో సామాన్లు సర్దుకుని కొంచెం కొంచెంగా హైదరాబాదు చేరుతున్న కాలం. జూబ్లీహిల్స్‌లో ఇళ్లకంటే బండరాళ్లు ఎక్కువ. ఫిల్మ్ నగర్‌లో ఆటో ఎక్కాలంటే షేక్‌పేట దాకా నడవాలి. నేను కాకినాడ నుంచి ఒక ట్రంకు పెట్టెతోనూ, బోలెడంత అహంకారంతోనూ దిగి, ఒక రికార్డింగ్ థియేటర్లో రిథమ్ ప్రోగ్రామర్‌గా చేరాను. అంటే తబలా, డోలక్, డ్రమ్స్ వాయించే పదిమంది పనిని ఒక్క యంత్రం మీద బటన్లు నొక్కి చేసేవాణ్ణన్నమాట. ఆ పదిమందీ నన్ను ఎలా చూసేవారో చెప్పక్కర్లేదు. క్యాంటీన్లో నేను కూర్చున్న బల్ల దగ్గర ఎప్పుడూ మూడు కుర్చీలు ఖాళీగా ఉండేవి.

మా కీబోర్డు వాళ్లందరం కలిసి ఏటా విజయదశమి సాయంత్రం, కొండరాళ్ల మధ్య ఉన్న ఒక ఖాళీ మైదానంలో ఉత్సవం చేసేవాళ్లం. ఆహ్వానపత్రిక మీద 'ఎలక్ట్రానిక్ సంగీతోత్సవం' అని దర్జాగా ఉండేది. చుట్టుపక్కల జనం మాత్రం 'కరెంటు కచేరీ' అనేవారు. ఆ పేరే నిలిచింది.

దానికి అధ్యక్షులు శాస్త్రిగారు. ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించి, ఏభై దాటాక సింథసైజర్ కొన్నారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ రోజు నుంచీ ప్లగ్గు లేని వాయిద్యం ఆయన కంటికి ఆనలేదు. మొదటి ఏడే ఒక నియమం రాసి పెట్టారు. తీగతో మోగేది, తోలుతో మోగేది, ఊపిరితో మోగేది, ఏదీ ఈ వేదిక ఎక్కరాదు. కరెంటుతో మోగితేనే వాయిద్యం!

ఇంత ఆధునికుడాయన, వాయించేది మాత్రం కీర్తనలే. మొదటి ఏడు మూడు గంటలూ కీర్తనలే సాగాయి. జపాన్ యంత్రంలోంచి వీణ శబ్దం తీసి అందరం పరవశించాం. పక్క వీధిలో అసలు వీణే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మరుసటేడు జనం సినిమా పాటలు కావాలన్నారు. ఆ పైయేడు డ్యాన్సు మాస్టర్ల శిష్యులు తళతళలాడే చొక్కాలు వేసుకొచ్చి డిస్కో పెట్టాల్సిందే అన్నారు. టోలిచౌకి నుంచి వచ్చే పెద్దమనుషుల కోసం గజళ్లు చేర్చాం. తర్వాత ఎవరో మహానుభావుడు భజనలకు డిస్కో దరువు తగిలించాడు. అలా ఏటేటా కొత్తవి వచ్చి కూర్చుంటుంటే కీర్తనలు మూడు గంటల నుంచి నలభై నిమిషాలకు దిగాయి. ప్రతి సెప్టెంబరులోనూ మా కమిటీ సమావేశం చూసి తీరాలి. ఎర్రగడ్డ మార్కెట్లో వంకాయలు బేరమాడినట్టు నిమిషాలు బేరమాడేవాళ్లం. "గజళ్లకి పది తగ్గించి డిస్కోకి అయిదు కలపండి!" "అయ్యా, నిరుడే రెండు వదులుకున్నాను!"

తొంభైలు వచ్చాయి. ఒక డ్యాన్సర్ మిత్రుడు బొంబాయి నుంచి ఒక క్యాసెట్ తెచ్చి వినిపించాడు. మనిషి గొంతు లేదు, మాట లేదు, యంత్రాలు మాత్రమే మోగుతున్నాయి. టెక్నో అట. విని నాకు పూనకం వచ్చింది. ఈ ఫిల్మ్ నగర్‌కి టెక్నో తెచ్చిన భగీరథుణ్ణి నేనే కావాలని నిశ్చయించుకుని కమిటీ ముందు నిలబడ్డాను.

"టెక్నో అంటే ఏమిటయ్యా కామేశం?" అన్నారు శాస్త్రిగారు.

"యంత్రాలే వాయించే సంగీతమండీ."

"సాహిత్యం?"

"ఉండదండీ."

"రాగం?"

"మూడు స్వరాలుంటాయండీ. అవే తిరిగి తిరిగి వస్తుంటాయి."

"మూడేనా! మా మనవడి సరళీస్వరాల్లో కూడా ఏడున్నాయి కదయ్యా!"

కమిటీ అంతా గొల్లుమంది. మరుసటేడు మళ్లీ అడిగాను, మళ్లీ గొల్లుమంది. మూడో ఏడు నా పోరు పడలేక శాస్త్రిగారు దిగొచ్చారు. "సరే, ఇరవై నిమిషాలు తీసుకో. నా కీర్తనల్లోంచే ఇస్తున్నాను. కానీ ఒక షరతు. జనం లేచి వెళ్లిపోయారో, ఆ ఇరవై నిమిషాలూ మళ్లీ కీర్తనలకే. నువ్వు ఈ జన్మలో టెక్నో పేరెత్తకూడదు. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను? మూడేళ్లుగా నన్ను చూసి నవ్విన ప్రతి మొహమూ ఆ మైదానంలో ఉంటుంది. ఆ ఇరవై నిమిషాలు నాకు ప్రాణంతో సమానం.

మూడు నెలలు తిండీ నిద్రా మాని దరువులు కట్టాను. నా యంత్రంతో ఒక చిక్కుంది. స్విచ్ ఆపితే అన్నీ మర్చిపోతుంది. అందుకని కట్టిందంతా ఒక ఫ్లాపీలో దాచుకుని, వాయించే ముందు యంత్రానికి తినిపించాలి. ఫ్లాపీ అంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ల. పైన ఒక రేకు తలుపు, అది జరిపితే లోపల గోధుమరంగు పల్చటి చక్రం. నా మూడు నెలల తపస్సూ ఆ చక్రం మీదే ఉంది. నేను జాగ్రత్తపరుణ్ణి కాబట్టి ఇంకో ఫ్లాపీలో కాపీ కూడా తీసి పెట్టుకున్నాను.

దసరానాడు ఆయుధపూజ మాకు తప్పనిసరి. ఎంత పెద్ద విద్వాంసుడైనా వాయిద్యానికి బొట్టు పెట్టకుండా ముట్టుకోడు. మధ్యాహ్నం వేదిక వెనక అమ్మవారి పటం ముందు నా యంత్రం పెట్టి పసుపు, గంధం, కుంకుమ అద్ది దణ్ణం పెట్టుకున్నాను. అంతటితో లేచుంటే ఈ కథే లేదు. కానీ నాకొక దివ్యమైన ఆలోచన తట్టింది. యంత్రం ఉత్త డబ్బా, అసలు ప్రాణం ఫ్లాపీలో ఉంది. డబ్బాకి బొట్టు పెట్టి ప్రాణానికి పెట్టకపోతే అమ్మవారు ఏమనుకుంటుంది? ఫ్లాపీ తీశాను. ప్లాస్టిక్ మీద పెడితే మళ్లీ డబ్బాకి పెట్టినట్టే కదా! రేకు తలుపు జరిపాను. వేలితో ఇంత గంధం తీసి చక్రం మీద అద్ది, దాని మీద కుంకుమ దిద్దాను. నిండుగా, ముత్తైదువ నుదుటి మీదలా కుదిరింది.

మైకు సెట్టు యాదగిరి పక్కనే వైర్లు చుడుతున్నాడు. షేక్‌పేటవాడు, మొదటి ఏటి నుంచీ మా కచేరీకి మైకులు అతనివే.

"ఏంది సార్, బొట్టు గా రేకు లోపట పెడ్తున్నరు?"

"అసలు ప్రాణం లోపలే ఉంటుంది యాదగిరీ."

"ఏమో సార్. మా అమ్మ గూడ మిక్సీకి బొట్టు పెడ్తది. గని జార్ల పెట్టది."

"నీకు మైకులు తెలుసు, నాకు డిజిటల్ తెలుసు. నీ పని నువ్వు చూసుకో."

"జర సోంచాయించుర్రి సార్, ఇంకోపారి ఆలోచన జేయుర్రి," అని యాదగిరి తన వైర్లలో పడిపోయాడు. ఆ గొంతులో ఉన్న జాలి నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆరున్నరకి నా వంతు వచ్చింది. మైదానం నిండుగా ఉంది. ముఖ్య అతిథి, పేరు మోసిన సంగీత దర్శకుడు, ఇంకా రాలేదు. ఆయన్ను ఆహ్వానించడానికి గేటు దగ్గర టోలిచౌకి సలీం భాయ్ మర్ఫా బృందం సిద్ధంగా ఉంది. మర్ఫా అంటే హైదరాబాదు పెళ్లి ఊరేగింపుల్లో డప్పులూ డోళ్లూ కర్రలతో వాయిస్తారే, గుండె గొంతులోకి వచ్చేట్టు, అది. అయితే తోలు వాయిద్యం కనక వాళ్లు గేటు దాటకూడదని శాస్త్రిగారి ఆజ్ఞ.

నేను మైకు అందుకుని, "సోదర సోదరీమణులారా! ఇరవై ఒకటో శతాబ్దం ఈ క్షణంలో ఫిల్మ్ నగర్‌లో మొదలవుతోంది!" అన్నాను. ఫ్లాపీ యంత్రంలోకి తోసి, కళ్లు మూసుకుని, బటన్ నొక్కాను.

కర్ర్... కర్ర్... కిర్ర్... కర్ర్...

అమ్మమ్మగారి కుట్టుమిషన్ లాంటి ఆ శబ్దాన్ని పక్కనే ఉన్న మైకు అందుకుని మైదానమంతా వినిపించింది. ముందు వరసలో శాస్త్రిగారు ముందుకు వంగి, "ఇదేనా టెక్నో?" అన్నారు. వెనకెక్కడో ఒకాయన మర్యాద కోసం తల కూడా ఊపాడు.

యంత్రం తెర మీద ఎర్రర్ అని పడింది. ఫ్లాపీ బయటికి లాగాను. బొట్టు చెరిగి చక్రమంతా ఎర్రగా అలుక్కుపోయి ఉంది. అయినా నేను చలించలేదు. కాపీ ఉంది కదా! రెండో ఫ్లాపీ తోశాను. కర్ర్... కిర్ర్... మళ్లీ అదే. మీరు అడగబోయేది నాకు తెలుసు. అవునండీ, దానికి కూడా బొట్టు పెట్టాను. ఇద్దరు పిల్లలున్నప్పుడు ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తామా?

అతిభక్తి చోరలక్షణం అంటారు గానీ, నా విషయంలో అది ఫ్లాపీభక్షణం అయింది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత అందరికీ తెలుసు. ఆ సాయంత్రం నా మద్దెల నిజంగానే ఓడు, నమ్మేవాడే లేడు! యంత్రం కింద ఉన్న కీబోర్డు ఒక్కటి పనిచేస్తోంది. దరువు లేకుండా నా మూడు స్వరాలు వాయించాను. తిరనాళ్లలో ముగ్గురు పిల్లలు తప్పిపోయినట్టు అవి ఎటో పోయాయి. జనం లేవడం మొదలుపెట్టారు. ముందు పట్టుచీరలు లేచాయి, తర్వాత సఫారీ సూట్లు, తర్వాత వరసలకు వరసలే గేటువైపు నడిచాయి. శాస్త్రిగారు గడియారం చూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇందులో అతిశయోక్తి లేదు, నిజంగానే కళ్లు నిండిపోయాయి.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర ముఖ్య అతిథి కారు ఆగింది. సలీం భాయ్ కర్ర ఎత్తాడు.

ధన్ ధన ధన్ ధన ధన్!

గడియారం ముల్లులా నిలకడైన దరువు. మూడు నెలలు నేను యంత్రంలో దేనికోసం వెతికానో అది గేటు దగ్గర మోగుతోంది! నా చేతులు నన్నడక్కుండానే కీబోర్డు మీద పడ్డాయి. మూడు స్వరాలూ ఆ దరువు మీద ఎక్కి కూర్చున్నాయి. మైకు లాక్కుని అరిచాను.

"సలీం భాయ్! ఆపకండి! వాయిస్తూ లోపలికి రండి!"

"అందర్ రావద్దన్నరు కద సాబ్, గేటు దాటొద్దని!"

"నేను రమ్మంటున్నాను, రండి!"

ఉన్నది ఒక్కటే గేటు. పన్నెండు మంది మర్ఫా వాళ్లు ఆ గేటు నిండా వాయించుకుంటూ లోపలికొస్తుంటే, బయటికి పోదామన్న జనం వెనక్కి నడవక తప్పలేదు. ఆ దరువుకి ఊరికే నడవడం మనిషి వల్ల అయ్యే పని కాదు. పట్టుచీరలు ఊగాయి. సఫారీ సూట్లు చేతులెత్తాయి. అందరూ ఎగురుకుంటూ మైదానంలోకి తిరిగొచ్చారు, మధ్యలో మెడలో దండతో ముఖ్య అతిథి!

"కామేశం! తోలు! తోలు వేదిక ఎక్కుతోందయ్యా!" శాస్త్రిగారు కుర్చీ మీదికెక్కి కేకలేస్తున్నారు. "కరెంటు లేని వాయిద్యం! నియమం! నియమం!"

యాదగిరి పరుగున వచ్చి డోళ్ల ముందు రెండు మైకులు నిలబెట్టాడు. "మైకు పెట్టిన గద సార్. ఇగ గది గూడ కరెంటే!"

శాస్త్రిగారు ఆ మైకుల్నీ, వాటి వైర్లనీ ఎగాదిగా చూశారు. కుర్చీ దిగి కూర్చున్నారు. అయిదు నిమిషాలకి ఆయన కుడిచెయ్యి తొడ మీద పడింది. పది నిమిషాలకి, "ఆదితాళమేనయ్యా ఇది! ఆదితాళమే!" అని పక్కాయన తొడ మీద కూడా వేయడం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు అనుకున్నది నలభై సాగింది. గజళ్లవాళ్లు తమ ఇరవై నిమిషాలు తామే నాకిచ్చేశారు. ఆ కమిటీ చరిత్రలో అడక్కుండా నిమిషాలిచ్చినవాళ్లు వాళ్లొక్కరే.

అయ్యాక సంగీత దర్శకుడు నా భుజం మీద చెయ్యి వేసి అడిగాడు. "మర్ఫాని టెక్నోతో కలపాలని ఎలా తట్టిందయ్యా నీకు?"

నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. తల వంచుకుని వినయంగా, "అంతా అమ్మవారి దయండీ. మధ్యాహ్నం ఫ్లాపీ రేకు జరిపి లోపల బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను, అంతే," అన్నాను. పక్కనే ఉన్న శాస్త్రిగారు చెంపలు వేసుకున్నారు. యాదగిరికి మాత్రం దగ్గు తెర వచ్చింది.

ఏడాదిపాటు రాజులా బతికాను. క్యాంటీన్లో నా బల్ల దగ్గర కుర్చీలు చాలేవి కావు. మళ్లీ దసరా వచ్చింది. రికార్డింగ్‌లో ఆలస్యమై, సాయంత్రం అయిదింటికి మైదానం చేరాను. శాస్త్రిగారు వెలిగిపోతూ ఎదురొచ్చారు.

"నీ పద్ధతేనయ్యా కామేశం! ఈసారి తొమ్మిది మంది యంత్రాలు తెచ్చారు. అందరి ఫ్లాపీలూ పళ్లెంలో పెట్టించి, ఒక్కొక్క రేకూ జరిపి, నా చేత్తో నేనే బొట్లు పెట్టాను!"

"కాపీలున్నాయి కదండీ?" అన్నాను ఆశగా.

"వాటిని వదిలేస్తానా! వాటికింకా పెద్ద బొట్లు పెట్టాను."

మింగలేక కక్కలేక యాదగిరి దగ్గరికి పరుగెత్తాను. "యాదగిరీ, కొంప మునిగింది! సలీం భాయ్ ఎక్కడ?"

"గేటు కాడనే ఉన్నడు సార్. నలభై మందిని తోల్కొచ్చిండు." వైరు చుడుతూనే నవ్వాడు. "నేనే తెమ్మన్న. పొద్దుగాల్నే శాస్త్రిగారు కుంకుమ డబ్బాతోని తిరుగుతుంటె జూసిన."

ఆ సాయంత్రం తొమ్మిది యంత్రాలూ కుట్టుమిషన్లయ్యాయి. నలభై డోళ్లు మోగాయి. కీర్తనలు మర్ఫాతో, గజళ్లు మర్ఫాతో, డిస్కో మర్ఫాతో, అన్నిటిమీదా చేతులతో వాయించిన మా కీబోర్డులు. బండరాళ్లు కూడా ఊగాయేమో, ఎవరూ అటు చూడలేదు. ఆ ఏటి నుంచి కరెంటు కచేరీలో మర్ఫా లేని అంశమే లేదు. తర్వాతి రోజుల్లో ఒక పెద్దాయన మా ఉత్సవం గురించి మాట్లాడుతూ, ఇది రెండు సంస్కృతుల సంగమం, ఎంతో దూరదృష్టితో చేసిన ప్రయోగం అన్నాడు. శాస్త్రిగారూ నేనూ గంభీరంగా తలలు ఊపాం.

ఆ రెండో దసరా రాత్రే ఇంట్లో అమ్మవారి పటం ముందు నిలబడి, రెండు చెంపలూ వాయించుకుని, రెండు ప్రతిజ్ఞలు చేశాను. ఒకటి, ఇక ఏ యంత్రానికీ లోపల బొట్టు పెట్టను. రెండు, ఫ్లాపీలను పాడుచేసింది ఆ బొట్టేనన్న సంగతి బతికుండగా ఎవరికీ చెప్పను. మొదటిది ఈనాటికీ నిలబెట్టుకున్నాను. రెండోది ఇదిగో, మీ ఎదుటే పోయింది.