ఖాళీ బీడీ కట్టల పోటీ

ఉద్యోగం కొత్తలో మనిషి కళ్ళు తన పని మీద కన్నా పక్కవాళ్ళ పని మీదే ఎక్కువ ఉంటాయని నా అనుభవం. (అందరి సంగతీ ఇంతేనని అనుకుంటే నాకు కాస్త ఊరట.) ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. పుదుచ్చేరిలో బడి పిల్లలకు పొగాకు వల్ల వచ్చే జబ్బుల గురించి పాఠాలు చెప్పే ఒక చిన్న సంస్థలో చేరాను. చంకలో చార్టుల చుట్ట, మెడలో ఐడీ కార్డు, లోకాన్ని వారంలో బాగు చేసేస్తానన్న ధీమా. నాతో పాటు అదే రోజు ఇంకో అమ్మాయి చేరింది. ఆమె ఫ్రెంచివాళ్ళ కాలపు వైట్ టౌన్ వీధుల్లో సైకిల్ తొక్కుకుంటూ ఉత్త చేతులతో వచ్చేది. పిల్లలు ఆమెకు 'సైకిలక్క' అని పేరు పెట్టారు. నాకు పెట్టిన పేరు 'చార్టక్క'. నా కడుపుమంట ఎక్కడ మొదలైందో ఇక మీకు వేరే చెప్పక్కర్లేదు.

మొదటి నెల ఇద్దరికీ ఒకే బడిలో పక్కపక్క గదులిచ్చారు. నేను తొమ్మిదో తరగతి పిల్లల ముందు చార్టు విప్పి, ఇది మంచి ఊపిరితిత్తి, ఇది నల్లబడ్డ ఊపిరితిత్తి, బీడీ ఆకులో చుట్టినంత మాత్రాన మేలైనది కాదు, పళ్ళ వాసన వేసే వేప్‌లో కూడా నికోటిన్ ఉంటుంది, ఖైనీ నమిలితే నోటి కేన్సర్ వస్తుంది అని గడగడా అప్పజెప్పేదాన్ని. నేను చెప్పిందంతా నిజమే. పిల్లలు ఆవలించిందీ నిజమే. అవతల సైకిలక్క తన పిల్లల్ని మైదానం చుట్టూ రెండుసార్లు పరిగెత్తించి, ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాలోంచి ఊపిరి పీల్చమనేది. పిల్లలు కళ్ళు తేలేసేవాళ్ళు. "మా మామ మెట్లెక్కేటప్పుడు దినామూ తీసే ఊపిరి ఇదే పా!" అనేది. కిటికీలోంచి చూస్తున్న నా పిల్లలు "మేమెప్పుడు పరిగెత్తేదక్కా?" అని నన్ను పీక్కు తినేవాళ్ళు. మర్నాడు నేనూ స్ట్రాలు తెచ్చాను. దుకాణంలో మిల్క్‌షేక్ తాగే లావుపాటివే దొరికాయి. ఒక్కరికీ ఆయాసం రాలేదు సరికదా, అందరూ వాటితో పీపీలు ఊదుకున్నారు.

తర్వాత మమ్మల్ని విడదీశారు. ఆమెకు తేంగాయితిట్టు చేపల రేవు పక్క బడి, నాకు పిళ్ళైచావడి వైపు బడి. మా పెద్దసారు పిలిచి, నెల తర్వాత వైట్ టౌన్‌లో ఒక హాల్లో ప్రదర్శన పెడతామనీ, పిల్లలు వాళ్ళ ఇళ్ళల్లో, వీధుల్లో కనిపించే పొగాకు సరుకును పోగు చేస్తే, దాని కింద అది ఒంటికి చేసే చెరుపు రాసి పెట్టాలనీ చెప్పారు. బాగా చేసినవాళ్ళు వచ్చే ఏడాది నుంచి కొత్తవాళ్ళకు శిక్షణ ఇవ్వాలట. ఆ మాట వినగానే నేను సైకిలక్క ముఖం వైపు చూశాను. ఆమె నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో ఏ కల్మషమూ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అది నాకు సవాలులా కనిపించింది.

పిల్లల చేతికి నిండు పెట్టెలు తగలకూడదు కదా, అందుకని నేను (చాలా తెలివిగా) ఖాళీవి మాత్రమే తెమ్మన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరు ఎక్కువ తెస్తే వాళ్ళకు రంగు పెన్నుల సెట్టు ఇస్తానన్నాను. మూడోరోజే ఆ బడిలో చదివే మా వీధి పిల్ల ఒకతి, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళ పిల్ల, రొప్పుతూ వచ్చి, "అక్కా, మా తాత దినానికి ఒగ కట్టే తాగతాడు. నాకు చాలదు. నా కోసరం బిరబిరా తాగు తాతా అని చెప్పినా!" అంది. నేను ఆ పిల్లను దగ్గరికి తీసుకుని... మందలించానని రాయాలనే ఉంది. లేదు, "ఎన్నయినాయి?" అని అడిగాను. ఆ వారం మా సందు చివర బీడీలూ సోడాలూ అమ్మే పెట్టికడ అన్న నన్ను ఆపి, "ఏం పాఠం చెప్తాండావో గాని పాపా, బీడీ కట్టలు కడలో నిలవడమే లేదు. నువ్వు బాగుండాల!" అని దీవించాడు. నాకు లోపల చిన్న ముల్లు గుచ్చుకుంది. కానీ అదే సాయంత్రం సైకిలక్క పెట్టె ఇంకా సగం కూడా నిండలేదని తెలిసింది. ఆ ఆనందంలో ముల్లూ గిల్లూ ఏవీ గుర్తు లేకుండా పోయాయి.

ఇక మా నాయిన. మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాకు ఆయన దగ్గు తెలుసు. డాక్టరు గట్టిగా చెప్పాక, కట్ట బీడీలు మూడు రోజులకు సరిపెట్టుకునేంతగా తగ్గించాడు. మా అమ్మ ఆ సంగతి వీధంతా చెప్పుకుంది. అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి, "నాయినా, కట్ట మీది కాగితాలు పారేయొద్దు, నాకు కావాల" అన్నాను. ఆయన తలూపాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే నా టిఫిన్ డబ్బా పక్కన ఒక లేబుల్ కాగితం చక్కగా మడిచి ఉండేది. కొన్ని రోజులు రెండు కూడా ఉండేవి. "ఏందో, ఈయనకు మల్లా దగ్గు జాస్తయింది" అని అమ్మ వంటింట్లోంచి అంటూనే ఉంది. నేను కాగితాలు లెక్కపెట్టుకుంటున్నాను.

ప్రదర్శన రోజు నా బోర్డు చూడాలి! నేల నుంచి పైదాకా బీడీ లేబుళ్ళు, సిగరెట్ పెట్టెలు, పాన్ మసాలా పొట్లాలు. సైకిలక్క మాత్రం చేపల ఐసుపెట్టె ఒకటి బల్ల మీద పెట్టుకుని నిలబడింది. నీచు వాసన. నాకు జాలి కూడా వేసింది. ముఖ్య అతిథిగా వచ్చిన డాక్టరమ్మ నా బోర్డు ముందు చాలాసేపు ఆగి, "ఇవన్నీ ఎవరు తాగారమ్మా?" అన్నారు.

"పెద్దవాళ్ళు మేడం."

"ఎప్పుడు?"

"ఈ నెల్లోనే మేడం" అన్నాను గర్వంగా. అప్పుడు మా వీధి పిల్ల ముందుకు దూకి, "మా తాత నా కోసరం రెండింతలు తాగినాడు డాక్టర్!" అంది. పెద్దసారు పైన తిరుగుతున్న ఫ్యాను కేసి చూడసాగారు.

డాక్టరమ్మ ఐసుపెట్టె దగ్గరికి నడిచారు. అందులో ఉన్నవి నిండు కట్టలు, విప్పని సిగరెట్ పెట్టెలు. సైకిలక్క ఆదివారాల్లో రేవులో చేపల వేలం దగ్గర పిల్లలతో నిలబడి, వచ్చినవాళ్ళను బతిమాలి, వాళ్ళ జేబులోది వాళ్ళ చేత్తోనే పెట్టెలో వేయించిందట. ఒక్కోదానికీ వేసినవాళ్ళ పేరుతో చీటీ ఉంది. నేను తప్పులు పట్టుకుందామని వంగి చదివాను. నేను చదివిన మూడో చీటీ మీద మా నాయిన పేరు ఉంది, ఇనీషియల్‌తో సహా.

ఇంటికి వెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా అరిచాను. "కూతురు నేనుండంగా, నిండు కట్ట తీసుకుపొయ్యి దానికిస్తివా?"

నాయిన నన్ను వింతగా చూశాడు. "నువ్వు కాళీవి అడిగితివి పాపా, కాళీవి ఇస్తిని గదా. నువ్వు గెలవాలని దినానికి ఇంకో కట్ట జాస్తిగానే ఊదినా. ఎదలో నొప్పిగా ఉండినా ఊదినా." మధ్యలో దగ్గు వచ్చి ఆగాడు. "మొన్న ఆదివారం రేవుకు చేపలకి పోతే ఆ పాప, ఉండే కట్ట ఈడ పెట్టేయి మామా అనె. పెట్టేస్తిని. ఇంగ కొనను అని మాటిచ్చినా."

నేను అరుగు మీద కూలబడి ఏడ్చాను. ఆయన ఛాతీ తలుచుకుని ఏడ్చాను. అబద్ధమెందుకు, ఆ ఏడుపులో సగం ఇంకోటి కూడా ఉంది. ఇన్నేళ్ళూ ఇంట్లో పోరు పెట్టిన నాకు ఇవ్వని మాట, ఎవరో సైకిల్ పిల్ల ఒక్కసారి అడిగితే ఇచ్చేశాడే అని.

శిక్షణ పని ఆమెకే వచ్చింది. నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పళ్ళు కొరుక్కుంటూనే అనుకోండి. మా వీధి పిల్ల తాత దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకుని, ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నాయిన రెండుసార్లు మళ్ళీ బీడీలోకి జారాడు, రెండుసార్లూ సైకిలక్కే వచ్చి కూర్చుని మాట్లాడింది. తర్వాత ముట్టలేదు.

మొన్న సాయంత్రం ఆయనతో బీచ్ రోడ్డు మీద నడుస్తుంటే పాత మిల్లు స్నేహితుడొకాయన ఎదురై, బీడీ ఎట్లా మానావని అడిగాడు. నాయిన నిలబడి, రేవూ, వేలమూ, ఐసుపెట్టే అంతా వర్ణించి, "అంతా మా సైకిల్ పాప చలవ" అని ముగించాడు. పక్కనే నేనున్నాను. నా పేరు యాడా లేదు. నేనూ ఉండానుగా నాయినా అనబోయాను. అంతలో, అంత పొడుగు కథలో ఆయన ఊపిరి కోసం ఒక్కచోటా ఆగలేదని తోచి, నోరు మూసుకున్నాను.